మొండి చెట్టుకు పూచీ

మా ఇంట్లో నాకు వాగుడుకాయ అని పేరు. నూజివీడు బజారులో మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. నేను కొట్లో కూర్చుంటే బేరాల కంటే కబుర్లు ఎక్కువవుతున్నాయని ఆయనే నన్ను లాక్కెళ్లి ఊళ్లో ఒక వకీలుగారి దగ్గర గుమాస్తాగా పెట్టాడు. నోరున్నవాడు కోర్టు పనులకు పనికొస్తాడని ఆయన ఆశ. నా నోటితో నిజంగా అవసరం పడిన రోజు నా జీవితంలో ఒక్కటే వచ్చింది. ఆ రోజు నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆ సంగతి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో ముసునూరు దగ్గర ఒక మామిడితోటలో పాక కాలిపోయింది. కోసిన కాయల్ని వరిగడ్డిలో పేర్చి మాగేసే పాక అది. మిట్టమధ్యాహ్నం, కూలీలంతా అన్నాలకు వెళ్లిన వేళ. లోపల కాపలా ముసలాయన ఒక్కడే గడ్డి మీద నిద్రపోతున్నాడు. నిప్పు పెట్టిన పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. తోట దాటి పారిపోయేవాడే, ముసలాయన కేక విని వెనక్కి పరుగెత్తుకొచ్చి, మంటల్లోకి దూరి ఆయన్ని బయటికి ఈడ్చాడు. అందుకే దొరికిపోయాడు. ముసలాయన కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

పిల్లవాడికి పదమూడేళ్లు. కాయలు కోసే కూలికి వెళ్లేవాడు. గెడకు కట్టిన చిక్కంతో కాయను తొడిమతో సహా దించాలి. తొడిమ ఊడితే సొన కారి కాయంతా మచ్చలు పడతాయి. ఆ పొద్దున వీడు గంపెడు కాయలు తొడిమలూడగొట్టి దించాడట. మేస్త్రీ వీణ్ణి చెట్టుకు అదిమి పట్టి, ఒక పచ్చికాయ తొడిమ విరిచి, ఆ సొన వీడి చెంపకు రుద్దాడు. మామిడి సొన తగిలిన చోట చర్మం బొబ్బెక్కి నల్లబడుతుంది. వీడి ఎడమ చెంప మీద రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది. మధ్యాహ్నానికి పాక తగలబెట్టాడు.

నేను వీణ్ణి వెనకేసుకు రావడం లేదు. అంతకు ముందు కూడా వీడేమీ బుద్ధిమంతుడు కాదు. రెండుసార్లు టిక్కెట్టు లేకుండా రైలెక్కి బెజవాడ పారిపోయాడు. బాపులపాడులో ఒక ఇంటి పెరట్లో ఇత్తడి బిందె ఎత్తుకుపోతూ పట్టుబడితే పోలీసులు నాలుగు తగిలించి వదిలేశారు. తల్లిదండ్రులది అంతా మెత్తదనం. తండ్రి పక్క తోటలో ఒక రైతు దగ్గర పాలేరు. గట్టిగా మాట్లాడితే తన గొంతుకు తానే ఉలిక్కిపడే రకం. కొడుకును కొట్టడానికి చెయ్యెత్తి, ఎత్తిన చేత్తోనే వాడి తల నిమిరేవాడని తోటలో నవ్వుకునేవారు.

మా వకీలుగారు ఈ కేసు ఫీజు తీసుకోకుండా పట్టారు. పిల్లవాడు మంటల్లోకి తిరిగొచ్చాడన్న మాట ఆయనను పట్టుకుంది. "ఒరే అబ్బాయ్, పారిపోయినవాణ్ణి వదిలేసినా వదిలేస్తాను గానీ, తిరిగొచ్చినవాణ్ణి ఎలా వదిలేస్తాంరా?" అన్నారు. పిల్లల కేసులకు చట్టం వేరు. జైలుండదు. మేజిస్ట్రేటుకు నమ్మకం కుదిరితే తండ్రి దగ్గర బాండు రాయించుకుని ఇంటికి పంపవచ్చు. కుదరకపోతే పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా సర్టిఫైడ్ స్కూలుకు పంపాలి. పేరుకు స్కూలే గానీ జనం పిల్లల జైలనే అనేవారు. అది మద్రాసుకు అవతల, అరవదేశంలో. కొడుకు ఇంటికొస్తాడా, అయిదేళ్లు అరవదేశం పోతాడా అన్నదే కేసు.

తీర్పు అయ్యేదాకా పిల్లవాణ్ణి బెజవాడలో ఉంచారు. అక్కడి నుంచే ప్రొబేషన్ ఆఫీసరని ఒక కుర్ర ఉద్యోగి వచ్చాడు. ఎండలో తోటలన్నీ తిరిగి, అందరినీ అడిగి, రిపోర్టు రాశాడు. మంచివాడే, ఉన్నదే రాశాడు. మా వకీలుగారు అది చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తండ్రి మరీ మెతక, పిల్లవాణ్ణి అదుపులో పెట్టగల మనిషి కాడు అని ఉంది అందులో.

"ఈ ఒక్క ముక్కే మన కొంప ముంచుతుంది. నువ్వెళ్లి ఆ తండ్రికి చెప్పు. మేజిస్ట్రేటు దొరగారి ముందు కాస్త గట్టిగా నిలబడమను. మెతకమనిషి అన్న మాట చెరిగిపోవాలి," అన్నారు.

వాయిదాల మీద వాయిదాలు పడి కేసు మార్గశిరానికి వచ్చింది. వాయిదాకు ముందురోజు పొద్దున్నే సైకిలు మీద తండ్రి పాలేరుగా ఉన్న తోటకు వెళ్లాను. మంచు ఇంకా విడలేదు. తండ్రి గొడ్డలి భుజాన పెట్టుకుని ఒక చెట్టు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య, ఇద్దరు కూలి ఆడవాళ్లు. అది పెద్దరసం చెట్టు. ఒళ్లంతా ఆకే గానీ నాలుగేళ్లుగా ఒక్క కాయ కాయలేదు. దాన్ని తోటలో మొండి చెట్టు అనేవారు.

"సమయానికొచ్చారండీ గుమాస్తాగారూ. దీన్ని బెదిరిస్తన్నామండీ. అడ్డం చెప్పడానికి పరాయి మనిషి కావాలి. మా నోటితో మేమే చెప్పుకుంటే చెట్టు నమ్మదు గదండీ," అన్నాడు.

కాపు పట్టని చెట్టును పూత రాకముందు ఇలా బెదిరించడం మా వైపు ఉంది. ఒకడు నరికేస్తానని గొడ్డలెత్తుతాడు. ఇంకొకడు అడ్డం పడి, ఈ ఒక్క యేడూ వదిలెయ్యమని, వచ్చే వేసవికి కాస్తుందని పూచీ పడతాడు. మూడుసార్లు అతను కుదరదనాలి, మూడుసార్లు ఇతను బతిమాలాలి. మూడోసారికి గొడ్డలి దిగుతుంది. చెట్టు భయపడి కాస్తుందని నమ్మకం. చిన్నప్పుడు చూశాను గానీ, అడ్డం చెప్పే వేషం నాకెప్పుడూ దక్కలేదు. సైకిలు కంచెకు ఆనించి సంబరంగా వెళ్లి నిలబడ్డాను.

అతను గొడ్డలెత్తాడు. ఆ గొంతు ఎక్కడ దాచుకున్నాడో నాకిప్పటికీ తెలియదు.

"నీళ్లు పోశాను, పెంట వేశాను, కంటికి రెప్పలా చూశాను. ఏం లాభం? నువ్వు నాకొద్దు! ఇయ్యాల నిన్ను మొదలంటా నరికేస్తా!"

చెట్టు మీద ఒక గాటు పడింది. ఆడవాళ్లు నిజంగానే ఉలిక్కిపడ్డారు.

"ఆగవయ్యా! వచ్చే యేడు కాస్తుంది. ఈసారికి వదిలెయ్," అన్నాను.

"వద్దండీ, దీని సంగతి నాకు తెలుసు!"

రెండోసారి గొడ్డలి లేచింది. మళ్లీ బతిమాలాను. మూడోసారి ఏకంగా చెట్టును కావలించుకుని, "కాస్తుంది, నాదీ పూచీ!" అని అరిచాను. అతను గొడ్డలి దించి, "మీరు చెప్పారు గాబట్టి వదిలేస్తన్నా," అన్నాడు. అందరం నవ్వుకున్నాం. అతని భార్య నా చేతికి మజ్జిగ చెంబు ఇచ్చింది.

నాకు హుషారెక్కింది. మెతకమనిషి అని రాసినవాడు ఈ మనిషిని ఇప్పుడు చూస్తే బావుండేది అనిపించింది. మజ్జిగ తాగుతూ అన్నాను: "రేపు దొరగారి ముందు కూడా ఇట్టాగే మాట్లాడు. ఇంత గట్టిగా. అంతే చాలు."

"ఇట్టాగేనా అండీ?"

"అచ్చం ఇట్టాగే."

అతను కాసేపు గొడ్డలి వైపు చూసి, "మీరుంటారు గదండీ?" అని అడిగాడు.

"నేను లేకుండా ఎట్టా? నీ పక్కనే ఉంటా."

తృప్తిగా తల ఊపాడు. నేను సైకిలెక్కి ఈల వేసుకుంటూ ఊరికొచ్చాను.

మర్నాడు తల్లి కోర్టు వరండాలో కూర్చుంది. ఒళ్లో చిన్న మూట. అందులో కొడుకు కోసం కుట్టించిన చొక్కా ఉంది. బెజవాడలో ఇచ్చిన బట్టలు అక్కడే వదిలేసి, ఇది తొడుక్కుని ఇంటికి రావాలట వాడు. నాకు చొక్కా విప్పి చూపించి, "ఎదిగాడేమోనని కాస్త వదులుగా కుట్టమన్నానండీ," అంది.

మేజిస్ట్రేటుగారు పిల్లల కేసులు కోర్టు హాల్లో వినేవారు కాదు. పక్కన చిన్న గదిలో, పిల్లవాణ్ణీ తండ్రినీ ఎదుట నిలబెట్టుకుని మాట్లాడేవారు. వకీళ్లు అక్కడ వాదించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. కాగితాలు అందించడానికి నన్ను పంపుతూ మా వకీలుగారు హెచ్చరించారు: "లోపల నోరు విప్పావంటే ఆయన కేసు మానేసి నీ సంగతి చూస్తాడు. బొమ్మలా నిలబడు."

పిల్లవాడు బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. ఏడు నెలల్లో నిజంగానే ఎదిగాడు. తండ్రిని చూడగానే మొహం విప్పారింది. చటుక్కున ఒక అడుగు ముందుకు వేసి, జవాను చూపు చూసి ఆగిపోయాడు.

మేజిస్ట్రేటుగారు కటువైన మనిషి కాదు. రిపోర్టు పక్కకు నెట్టి, తండ్రితో అన్నారు: "కుర్రాడు మంటల్లోకి వెళ్లి ముసలాయన్ని బయటికి లాగాడు. అది నేను మర్చిపోలేదు. నువ్వు తీసుకెళ్లి అదుపులో పెట్టుకుంటానంటే బాండు రాయించుకుని నీకే అప్పగిస్తాను. ఏమంటావు?"

కొడుకును చేతిలో పెట్టినంత పని చేశారాయన. సరేనంటే అయిపోయేది.

తండ్రి నిటారుగా నిలబడి, గొడ్డలెత్తినట్టు చెయ్యెత్తాడు. నిన్నటి గొంతు లేచింది. "కన్నాను, పెంచాను, ఏం లాభం? వీడు నాకొద్దండీ! తీసుకుపోండి!"

ఇక్కడ నేను చేసింది రాయడానికి చెయ్యి ఆడటం లేదు. నాకు ముచ్చటేసింది. శభాష్, గట్టిగా మాట్లాడుతున్నాడు అనుకున్నాను. అతను నా వైపు చూస్తే, బావుంది కానివ్వు అన్నట్టు తల కూడా ఊపాను.

మేజిస్ట్రేటుగారు కళ్లు చికిలించి చూశారు. "కోపంలో అంటున్నావు. ఒకసారి పంపించేస్తే అయిదేళ్ల దాకా నీ చేతికి రాడు. నిదానంగా ఆలోచించి చెప్పు."

"వద్దండీ! వీడి సంగతి నాకు తెలుసు. నా గడప తొక్కనివ్వను!"

మళ్లీ నా వైపు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ కళ్లలో కోపం లేదు. నిన్న తోటలో నా కోసం చూసిన చూపే అది. రెండోసారి అయిపోయింది, మూడోది మిగిలింది, నా మాట కోసం ఎదురుచూస్తున్నాడు. నోరు తెరిచాను. బొమ్మలా నిలబడు అన్న మాట చెవిలో మోగింది. మేజిస్ట్రేటుగారి చేతిలోని కలం చూశాను. ఇరవై రెండేళ్ల గుమాస్తా గాడిదను, నా ఉద్యోగం గుర్తొచ్చింది. నోరు మూసుకుని చేతిలో కాగితాల వైపు చూశాను.

"చివరిసారి అడుగుతున్నాను," అన్నారాయన.

"వద్దండీ," అన్నాడు తండ్రి. మూడోసారికి ఆ గొంతు వణికింది. ఎత్తిన చెయ్యి దించలేదు, ఎవరో వచ్చి పట్టుకుంటారని అలాగే గాలిలో ఉంచాడు.

పిల్లవాడు అరచేత్తో చెంప మీది మచ్చను కప్పుకున్నాడు. కలం కాగితం మీద కదలడం మొదలుపెట్టింది.

తండ్రి నా వైపు తిరిగి, గదంతా వినపడేలా అడిగాడు: "అదేంటండీ గుమాస్తాగారూ? అడ్డం చెప్పరేంటండీ?"

అప్పుడు పెగిలింది నా నోరు. చెట్టు, గొడ్డలి, పూచీ, నేను చెప్పిన పనికిమాలిన సలహా, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అతను నేల మీద పడి, "వద్దనలేదండీ, నా బిడ్డండీ, తీసుకెళ్తానండీ," అని బల్లకోడు పట్టుకున్నాడు. మేజిస్ట్రేటుగారి మొహం బిగుసుకుంది.

"చెట్టేంటి, గొడ్డలేంటి? తండ్రిని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ ఒకటే మాట చెప్పాడు. ఇప్పుడు నువ్వు నేర్పించి మార్పిస్తున్నావా? నిమిషంలో మాట మార్చే మనిషి పిల్లవాణ్ణి ఏం అదుపులో పెడతాడు? రిపోర్టులో రాసింది నిజమే," అన్నారు.

ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన వైపు నుంచి చూస్తే కనిపించేది అదే. పిల్లవాణ్ణి వెనక తలుపు గుండా తీసుకెళ్లారు. వెళ్తూ వాడు ఒక్కసారి కూడా తండ్రి వైపు చూడలేదు.

వరండాలో తల్లి చొక్కా మడత విప్పి పట్టుకుని లేచి నిలబడింది. మేమిద్దరమే బయటికి రావడం చూసి, "వాడేడీ?" అంది. నేనే చెప్పాను. అంతా విని ఆమె మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. చొక్కాను నా చేతిలో పెట్టి, "వాడికి చేరేట్టు చూడండి బాబూ, అక్కడ చలేమో," అంది. ఆమె తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మా వకీలుగారు పై కోర్టుకు రాశారు. తండ్రి వేలిముద్ర వేసిన వాంగ్మూలం స్పష్టంగా ఉందని, కలగజేసుకోవడానికి ఏమీ లేదని జవాబు వచ్చింది. ఆయన నెల రోజుల పాటు నా మొహం చూడకుండా పనులు చెప్పారు.

మాఘంలో మొండి చెట్టు పూసింది. వేసవికి కొమ్మలు వంగేలా కాసింది. జ్యేష్ఠంలో తండ్రి ఒక బుట్ట కాయలు నెత్తిన పెట్టుకుని, నడిచి, మా ఆఫీసు మెట్ల దగ్గరకొచ్చాడు. ఎగతాళికి తెచ్చాడేమో అనుకున్నాను. ఎగతాళి అతనికి తెలియదు. బుట్ట దించి, తుండుతో మొహం తుడుచుకుని, "మీ పూచీ నిలబడిందండీ. మీ మాట చెట్టు విన్నదండీ," అన్నాడు. అతని ముందే ఏడ్చాను. సిగ్గుపడలేదు.

ఆ కాయలు తీసుకుని ఇద్దరం మద్రాసు రైలెక్కాం. స్కూలువాళ్లు మర్యాదగానే చూశారు. చింతచెట్టు కింద బల్ల చూపించి కూర్చోమన్నారు. పిల్లవాడు వచ్చాడు. తల గొరిగించారు. అమ్మ కుట్టించిన చొక్కా వేసుకున్నాడు, అది అప్పటికే బిగుతైపోయింది. మాటల్లో అక్కడక్కడా అరవం దొర్లుతోంది. తండ్రికి దూరంగా, నా పక్కన కూర్చున్నాడు.

"కాపలా తాత చెయ్యి మానిందాండీ?" అని అడిగాడు ముందుగా.

"మానింది. నీ మీద ఆయనకు కోపం లేదు," అన్నాను.

తండ్రి బుట్ట మీది గడ్డి తీశాడు. పిల్లవాడు ఒక పండు చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆశ్చర్యంగా తలెత్తాడు. "ఇది మొండి చెట్టుది గదా? కాసిందా?"

"కాసిందిరా," అన్నాడు తండ్రి. ఇక ఆగలేదు. కోర్టుకు ముందురోజు చెట్టును ఎలా బెదిరించిందీ, గుమాస్తాగారు ఎలా అడ్డం పడిందీ, కోర్టులో కూడా గుమాస్తాగారు చెయ్యి పట్టుకుంటారని తను ఎలా అనుకుందీ, అంతా చెప్పాడు. "నిన్నొద్దని కాదురా నాన్నా. చెట్టును అన్నట్టే అన్నానురా."

పిల్లవాడు పండును వేళ్లతో తిప్పుతూ విన్నాడు. తండ్రి మాట నమ్మాడని నాకనిపించింది. విన్నంతసేపూ నెమ్మదిగా అతని వైపు జరిగాడు. ఆఖరున తలెత్తి నా కళ్లలోకి చూశాడు. నిష్ఠూరం లేదు, తెలుసుకుందామనే అడిగాడు.

"చెట్టుకైతే చెప్పారు గదండీ. మరి నాకెందుకు చెప్పలేదండీ?"

నూజివీడు బజారు మొత్తానికి కబుర్లు చెప్పినవాణ్ణి, తల వంచుకుని బుట్టలో గడ్డి సర్దుతూ కూర్చున్నాను. గంట కొట్టారు. వాడు లేచి, తండ్రి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, ఆ ఒక్క పండూ పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

పద్దెనిమిదేళ్లు నిండాక విడుదల చేస్తున్నట్టు నాకే ఉత్తరం వచ్చింది. తండ్రి, నేను స్టేషనుకు వెళ్లి నిలబడ్డాం. ఆ రైలుకు దిగలేదు. తర్వాతి రైలుకూ దిగలేదు. వారం రోజులు వెళ్లాం. స్కూలుకు రాస్తే, టిక్కెట్టు కొని రైలెక్కించామన్నారు. దారిలో ఎక్కడ దిగిపోయాడో ఎవరికీ తెలియదు. వాడికి చిన్నప్పుడే రైళ్లు అలవాటు. నేను బెజవాడలో, మద్రాసులో వెతికించాను. చెంప మీద మచ్చ ఉన్న కుర్రాణ్ణి చూశామని ఒక్కరూ చెప్పలేదు.

తర్వాత తండ్రి బతికున్నన్నాళ్లూ మార్గశిరంలో ఒకసారి మా ఆఫీసుకు వచ్చేవాడు. మెట్ల మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, నా మొహం చూడకుండా మొదలుపెట్టేవాడు.

"ఇక రాడు లెండి వాడు. ఆశ వదిలేసుకున్నానండీ."

"వస్తాడు. అట్టా అనకు," అనేవాణ్ణి.

"రాడండీ. వాడి సంగతి నాకు తెలుసు."

"వచ్చే యేడు వస్తాడయ్యా."

"వాడు నాకొద్దండీ," అనేవాడు మూడోసారి, గొంతు వణుకుతుండగా.

నేను చేతిలో ఉన్న పని వదిలేసి, మెట్లు దిగి, అతని చెయ్యి పట్టుకునేవాణ్ణి. "వస్తాడు. నాదీ పూచీ," అనేవాణ్ణి. అప్పుడు లేచి, తుండు దులుపుకుని తోటకు వెళ్లిపోయేవాడు. తొమ్మిదేళ్లు అలా వచ్చాడు. ఆ తొమ్మిదేళ్లూ చెట్టు కాసింది. పిల్లవాడు రాలేదు.